చీమ వాలని మిఠాయి

చింతవాగు రేవులో ఒక కట్టుబాటుంది. నీళ్లకొచ్చినవాళ్లు ఒకరినొకరు తినకూడదు. పులైనా సరే, గోళ్లు ముడుచుకుని దుప్పి పక్కన నిలబడి, నాలుగు గుక్కలు తాగి తన దారిన తాను పోవలసిందే. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా "మరి ఏదన్నా తినాలని నాలుక లాగితే ఎట్లా?" అని అడిగితే, పాతవాళ్లు మద్దిచెట్టు వైపు మూతి చూపించేవాళ్లు.

"అదిగో, బంటమ్మ కొట్టు."

బంటమ్మ ఎలుగుబంటి. మద్దిచెట్టు కింద రెండు పొయ్యిలు, ఒక మూకుడు, నాలుగు కుండలు, కూర్చోవడానికి ఒక మట్టి అరుగు. ఇంతే ఆమె కొట్టు. ఎండబెట్టిన ఇప్పపువ్వు దంచి లడ్డూలు చుట్టేది. నువ్వులు వేయించి ఉండలు కట్టేది. ముదురుపాకం సాగదీసి సాగదీసి జీళ్లు చేసేది. తేనె తనే చెట్లెక్కి తెచ్చుకునేది. బెల్లం మాత్రం కొండ కింద పొలాల నుంచి ఎద్దు మోపయ్య వీపు మీద మోసుకొచ్చేవాడు. పుచ్చుకున్నవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు: కోతులు సీతాఫలాలు, కుందేలు గడ్డలు, ఏనుగు తాత ఏకంగా పొయ్యిలోకి ఎండుకొమ్మ.

"తీగపాకానికీ ఉండపాకానికీ మధ్య రెప్పపాటు దూరం. ఆ రెప్పపాటులో పొయ్యి ముందు లేనివాళ్లు మిఠాయి జోలికి పోకూడదు" అనేది బంటమ్మ. అన్నట్టే, పాకం మీద నుంచి కళ్లు తిప్పేది కాదు.

ఆ అరుగు కిందే చీమల ఊరు. వాళ్లకు పెద్ద బారమ్మ. బంటమ్మ తల్లి నాటి నుంచీ ఇద్దరి మధ్యా ఒక మాట ఉంది. కింద రాలిందంతా చీమలది, కుండలో ఉన్నది కొట్టుది. చీమలు ఆ మాట తప్పేవి కావు. ఎప్పుడన్నా ఓ పిల్లచీమ దారి తప్పి కుండెక్కితే, బారమ్మే చెవి పట్టుకుని దింపుకొచ్చేది.

ఒక రోజు అలా దింపడం ఆలస్యమైంది.

మోపయ్య బెల్లం దించి, అలవాటు ప్రకారం ఒక జీడి నోట్లో వేసుకున్నాడు. నెమ్మదిగా రెండుసార్లు నమిలాడు. ఉన్నట్టుండి కళ్లు పెద్దవి చేసి "అంబా!" అని ఒక్క అరుపు అరిచి, నాలుక బయట పెట్టుకుని వాగులోకి దూకాడు. జీడికి అంటుకున్న చీమ నాలుక కొసన కుట్టింది.

రేవంతా గొల్లుమంది. బంటమ్మ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. "తప్పయింది మోపయ్యన్నా, ఇంకోటి తీసుకో" అంది. మోపయ్య నాలుక నీళ్లలో ఆడిస్తూనే "పర్లేదులే చెల్లెమ్మా, దానికీ తీపి కావాలిగా" అన్నాడు. ఎద్దు ఓర్పు ఎద్దుది.

నవ్వనిది ఒక్క నక్క గుంటయ్యే. వాడు తల వంచి, జీడి మీద నుంచి దిగిపోతున్న ఆ పిల్లచీమనే చూస్తున్నాడు.

*

పదకొండో రోజు పొద్దున బంటమ్మ పొయ్యి రాజేసి తలెత్తింది. ఎత్తిన తల ఎత్తినట్టే ఉండిపోయింది.

వాగు అవతలి గట్టున రాత్రికి రాత్రి మొలిచినట్టు ఒక కొట్టు. తెల్లగా వెల్ల వేసిన గోడ. పచ్చటి మోదుగాకులు పరిచిన అరుగు. ఆకుల మీద వరసగా తెల్లటి ఉండలు. ఒక్కో ఉండ నెత్తిన ఒక్కో ఎర్ర చుక్క. ఎండ పడితే కళ్లు చెదురుతున్నాయి. అరుగు మీద గుంటయ్య తోక దులుపుకుని నిలబడి గొంతెత్తాడు.

"రండి బాబూ రండి! చీమ వాలని మిఠాయి! ఈగ ముసరని మిఠాయి! మొన్న మోపయ్య నాలుకకేమైందో కళ్లారా చూశారుగా! పెద్దవాడు కాబట్టి తట్టుకున్నాడు. అదే మీ పసిబిడ్డ నాలుకైతే?"

తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

"రేవు సాక్షిగా ఒట్టు పెడుతున్నా. నా కొట్లో ఒక్క చీమ కనబడిన రోజున కొట్టు కట్టేసి ఈ కొండ దిగిపోతా. మళ్లీ ఈ నీళ్లు ముట్టను. ఇలా ఒట్టు పెట్టగలదా, అవతలి గట్టు అక్కయ్య?"

బంటమ్మ తన కుండల వైపు చూసుకుంది. ఆమె కొట్లో చీమలుంటాయి. ఆమె తల్లి కొట్లోనూ ఉండేవి. అదొక తప్పని ఆ రోజు దాకా ఆమెకు తట్టనేలేదు.

కొత్తొక వింత, పాతొక రోత. మధ్యాహ్నానికి అవతలి గట్టున కాలు పెట్టే చోటు లేదు. వాగు మీద అడ్డంగా పడిన మొద్దుందిగా, దాని మీదుగా కోతులు పోయాయి, దుప్పులు పోయాయి, ఉడతలు పోయాయి. ఏనుగు తాత కూడా నీళ్లలో దిగి తొండం చాచి రెండు ఉండలు అందుకున్నాడు.

కుందేలు దూకులమ్మ కూతురు చిట్టిని వెంటబెట్టుకుని బంటమ్మ కొట్టు ముందు నుంచే పోతోంది.

"ఏం దూకులమ్మా, చిట్టికి జీడి తీసుకెళ్లవా?" అని పిలిచింది బంటమ్మ.

దూకులమ్మ ఆగింది గానీ కళ్లెత్తలేదు. "వద్దులే అక్కా. పసిపిల్ల కదా... కాస్త శుభ్రం చూసుకోవాలి."

ఆ 'శుభ్రం' అన్న మాట బంటమ్మకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. చిట్టి పుట్టినప్పుడు నోట్లో పెట్టిన మొదటి తేనెచుక్క తన చేతిదే.

అయిదు రోజులు గడిచాయి. లడ్డూలు గట్టిపడ్డాయి. జీళ్లు చెమ్మగిల్లి ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆరో రోజు బంటమ్మ అరుగు ముందు మోకాళ్ల మీద కూర్చుని, కంత దగ్గర నోరు పెట్టి పిలిచింది.

"బారమ్మవ్వా, బయటికి రా."

బారమ్మ వచ్చింది. మీసాలు నెరిసిన ముసలి చీమ.

"మీరంతా ఇక్కణ్ణుంచి వెళ్లిపోండి అవ్వా."

"ఎక్కడికి తల్లీ?"

"ఎక్కడికైనా! మీ మూలంగా నా కొట్టు పోయింది. ఊరంతా నన్ను చూసి మూతి తిప్పుకుంటోంది."

"బంటమ్మా, ఒక్క మాట విను. ఆ అవతలి కొట్టు సంగతి..."

"వినను! నీ మనవడు ఆ రోజు కుండెక్కకపోతే నాకీ గతి పట్టేదా?"

బంటమ్మ ఆగలేదు. పొయ్యిలో బూడిద, డబ్బాలో పసుపు రెండు గుప్పిళ్లతో తీసి కంత చుట్టూ చల్లేసింది. బారమ్మ ఇంక వాదించలేదు. లోపలికి తిరిగి ఒకే ఒక్క మాట అంది. "పిల్లలూ, గుడ్లు ఎత్తుకోండి."

బారు కదిలింది. ఒక్కో చీమ నోట ఒక్కో తెల్లటి గుడ్డు. ముసలివాటిని పడుచువి మోస్తున్నాయి. అయిపోతుంది, ఇదిగో అయిపోతుంది అనుకుంటూ బంటమ్మ చూస్తూనే ఉంది. పొద్దు వాలేదాకా ఆ బారు తెగలేదు. ఇన్ని వేల ప్రాణాలు తన అరుగు కింద బతికాయా అని నివ్వెరపోయింది. పిలిచి వెనక్కి రమ్మందామని నోటిదాకా వచ్చింది. కానీ అవతలి గట్టు కేకలు వినిపించి నోరు మూసుకుంది.

మర్నాడు ఆమె కొట్టు అద్దంలా ఉంది. చీమ లేదు, ఈగ లేదు. బేరం అంతకన్నా లేదు.

*

మరో నాలుగు రోజులకు, ఎండ నడినెత్తికొచ్చిన వేళ, దూకులమ్మ పరుగున వచ్చి కొట్టు ముందు కూలబడింది. వీపు మీద చిట్టి ఉంది. చెవులు రెండూ వాడిన ఆకుల్లా వేలాడుతున్నాయి.

"అక్కా! నా బిడ్డ! నా బిడ్డను చూడక్కా!"

బంటమ్మ గరిటె పారేసి చిట్టిని ఒళ్లోకి తీసుకుంది. పొట్ట మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి ఉలిక్కిపడి వెనక్కి తీసింది. అది పొట్టలా లేదు. వాగులో గుండ్రాయిలా ఉంది.

"ఏం పెట్టావే దీనికి?"

"ఏం పెట్టలేదక్కా! గడ్డి ముట్టదు, గడ్డ ముట్టదు. ఎప్పుడూ ఆ గుంటయ్య తెల్లుండలే కావాలంటుంది. రోజుకి నాలుగు. శుభ్రమైనవే కదా అని... నాలుగు రోజులైంది, దొడ్డికి పోయి."

అప్పుడే బెల్లం మూటతో మోపయ్య వచ్చాడు. బంటమ్మ అతణ్ణి పలకరించను కూడా లేదు. ముందు ఆముదం సీసా తీసింది. పసిదాని నోరు తెరిచి, ముక్కు మూసి, మూడు గరిటెలు పోసింది. గోరువెచ్చటి నీళ్లు తాగించింది. పొట్ట మీద గుడ్డ కాచి వేసింది. "వీపు నిమురుతూ ఉండు, పడుకోబెట్టకు" అని దూకులమ్మకు అప్పజెప్పింది.

"ఆ ఉండ ఒకటుందా నీ దగ్గర?"

దూకులమ్మ ఆకు పొట్లం విప్పింది. సగం కొరికిన తెల్లుండ.

మిఠాయి చేసేవాళ్లకు ఏది అనుమానమొచ్చినా నీళ్లలో వేసి చూడడం అలవాటు. పాకమైతే నీళ్లలో ఉండ కడుతుంది, లేకపోతే కరిగిపోతుంది. బంటమ్మ ఉండను నీళ్ల ముంతలో వేసింది. అది ఉండా కట్టలేదు, కరగనూ లేదు. మెల్లగా విచ్చుకుని, పొరలు పొరలుగా ఊడి, అడుగున మెత్తగా పేరుకుంది. వేలు పెట్టి తీసింది. రెండు వేళ్ల మధ్య రుద్దింది. జిగటగా, చల్లగా, పళ్ల మధ్య పెడితే కరకర.

"మట్టి!" అంది. "దూకులమ్మా, ఇది సుద్దమట్టి."

"మట్టేమిటక్కా! అంత తియ్యగా ఉంటే!"

బంటమ్మ ముంతలో నీళ్లు నాలుక్కి తాకించుకుంది. నీళ్లు తియ్యగానే ఉన్నాయి. బెల్లం తీపి కాదది, తేనె తీపి కాదు. నాలుక మీద సన్నగా సాగి, గొంతు దాకా పోని తీపి. ఎక్కడో తెలిసిన తీపి. చిన్నప్పుడు డొంకల్లో తిరుగుతూ నమిలేది...

"గురివింద ఆకు" అంది. "గురివింద ఆకు పిండి, ఆ పసరుతో సుద్ద కలిపి ఉండలు చుట్టాడు. ఇందులో గింజంత బెల్లం లేదే! మట్టికి తీపి వాసన పూసి పిల్లల చేత తినిపిస్తున్నాడు!"

వెనక ధబ్బుమని చప్పుడైంది. మోపయ్య వీపు మీది మూట జారి కిందపడింది.

"చెల్లెమ్మా" అన్నాడు మోపయ్య. "ఆ సుద్ద... నేనే మోశాను. ఎగువ గట్టు నుంచి ఇప్పటికి ఎనిమిది మోపులు. గోడలకు వెల్ల వెయ్యడానికన్నాడు. ఒక్క గోడకు ఎనిమిది మోపులేమిటని నేను అడగలేదు. అడగలేదు చెల్లెమ్మా, నాకు తట్టలేదు."

ఎద్దు కళ్లలో నీళ్లు తిరగడం బంటమ్మ అంతవరకు చూడలేదు.

సాయంత్రానికి ఆముదం పని చేసింది. చిట్టి గడ్డిలో కూర్చుని మెలికలు తిరిగి ఏడ్చి, ఏడ్చి, చివరికి తెల్లటి గడ్డలు నాలుగు బయట పడేసింది. అవి పలకబలపాల్లా ఉన్నాయి. వాటిని చూసి దూకులమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. పసిది మాత్రం తల్లి ఒడిలో తల పెట్టి, పది రోజుల తర్వాత మొదటిసారి "అమ్మా, గడ్డి" అంది.

*

బంటమ్మ ఆగలేకపోయింది. ముంత పట్టుకుని మొద్దు దాటి, అవతలి గట్టున అందరి మధ్యా నిలబడింది.

"అయ్యా, అమ్మా, ఇది తినకండి! ఇది సుద్ద! మీ కళ్ల ముందే నీళ్లలో వేస్తాను చూడండి!" అని అరుగు మీది ఉండ తీసి ముంతలో వేసింది. నీళ్లు తెల్లబడ్డాయి.

గుంటయ్య బెదరలేదు. పైగా జాలిగా నవ్వాడు. "అక్కయ్యా, పాలకోవా నీళ్లలో వేస్తే నీళ్లు తెల్లబడక నల్లబడతాయా? మట్టి తియ్యగా ఉంటుందా ఎక్కడైనా? ఏమయ్యా, మీరు రోజూ తింటున్నారు, చెప్పండి. తియ్యగా ఉందా, లేదా?"

"తియ్యగానే ఉంది" అన్నాయి కోతులు.

"కొట్టు పోయిన కడుపుమంట, పాపం" అంది ఓ దుప్పి.

"నా బిడ్డ చావు దాకా పోయొచ్చింది!" అని దూకులమ్మ అరిచింది.

"ఏ గడ్డ తిన్నదో, ఏ ఆకు తిన్నదో! అన్నీ నా మీద పెడితే ఎట్లా తల్లీ?" అన్నాడు గుంటయ్య. మోపయ్య సుద్ద సంగతి చెప్పబోతే, "అన్నా, వెల్ల వేసిన గోడ ఎదురుగా కనబడుతూనే ఉందిగా" అని నోరు మూయించాడు.

బంటమ్మ అందరి మొహాలూ చూసింది. ఒక్క మొహంలోనూ నమ్మకం లేదు. ఇన్నేళ్లు తన చేతి తీపి తిన్న మొహాలే అవి. నీళ్ల సాక్ష్యం నమ్మలేదు, ఇంక ఏ సాక్ష్యం నమ్ముతారు వీళ్లు? అప్పుడు ఆమెకు తను తరిమేసిన సాక్షులు గుర్తొచ్చారు.

చీమలు వాగు మలుపులో, ఇసుక తిన్నె మీద, ఓ ఎండిపోయిన దుంగ కింద తల దాచుకున్నాయి. బంటమ్మ అంత పెద్ద శరీరాన్నీ నేల మీద పరిచి, గడ్డం ఇసుకకు ఆనించి పిలిచింది.

"అవ్వా. తప్పు చేశాను."

చాలాసేపటికి బారమ్మ బయటికొచ్చింది. "చెప్పు తల్లీ."

బంటమ్మ అంతా చెప్పింది. బారమ్మ మీసం కదపకుండా విన్నది.

"మాకు మొదటి రోజే తెలుసు" అంది.

బంటమ్మ దిగ్గున తలెత్తింది. "తెలుసా!"

"అంత పేరు విని ఊరుకుంటామా? మొద్దు దాటి వెళ్లాం. ఎక్కి చూశాం, దిగొచ్చాం. మట్టి మొయ్యడం మాకు కొత్త కాదు గానీ, మట్టి తినడం మా వంశంలో లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదవ్వా?"

"చెప్పబోయాను. నువ్వు పసుపు చల్లావు."

బంటమ్మకు తల కొట్టేసినట్టయింది. బారమ్మ గొంతులో కోపం లేదు. అదే మరీ కష్టంగా ఉంది.

"బెల్లం ఉన్నచోట చీమ ఉంటుంది బంటమ్మా. మేము నీ కొట్లో ఉన్నామని నువ్వు సిగ్గుపడ్డావు. వాడి కొట్లో మేము ఎందుకు లేమని ఊరు మొత్తంలో ఒక్కరూ అడగలేదు. పోనీలే. వస్తాం. కానీ ఒకటి. నీ కోసం అబద్ధమాడం, వాడి కోసమూ ఆడం. తినేదైతే తింటాం, కాకపోతే లేదు."

"అంతే చాలవ్వా."

బంటమ్మ వెళ్లి ఏనుగు తాతకు చెప్పింది. ఏనుగు తాత అందరి ముందూ గుంటయ్యను అడిగాడు. "రేపు పొద్దెక్కాక చీమలొస్తాయట. నీ అరుగు మీద, నీ ఆకుల్లో ఉన్నవే. తింటే అది మిఠాయి, బంటమ్మ తన కొట్టు ఎత్తేస్తుంది. ముట్టకపోతే అది మట్టి. సరేనా?"

కాదంటే గుంటయ్య గుట్టు బయటపడుతుంది. "సరే" అన్నాడు. "రమ్మనండి."

ఆ రాత్రి బంటమ్మ చిట్టిని చూడ్డానికి కుందేలు బొరియ దాకా వెళ్లొచ్చింది. వచ్చి చూస్తే నువ్వుండల కుండ ఖాళీ. కోతుల పనై ఉంటుందనుకుంది. ఆ దిగులులో దాన్ని పట్టించుకోలేదు.

*

మర్నాడు పొద్దెక్కేసరికి రేవు రేవంతా అవతలి గట్టునే ఉంది. పులి కూడా వచ్చి ఓ బండెక్కి కూర్చుంది. మోదుగాకుల మీద తెల్లుండలు ఎప్పటిలాగే మెరుస్తున్నాయి. గుంటయ్య చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

మొద్దు మీదుగా నల్లటి గీతలా చీమల బారు వచ్చింది. ముందు బారమ్మ. అరుగెక్కింది, ఆకెక్కింది. ఉండ చుట్టూ ఒకసారి తిరిగి మీసాలు ఆడించింది. ఆగింది. రేవంతా మెడలు చాచి చూసింది.

అప్పుడు బారమ్మ ఉండెక్కింది. వెనకాలే పది, వెనకాలే వంద, వెనకాలే వేలు. చూస్తుండగానే తెల్లుండలన్నీ నల్లబడిపోయాయి.

"తింటున్నాయ్!" అని కోతులు గంతులేశాయి. "చీమలు తింటున్నాయ్!"

బంటమ్మ కళ్లు నులుముకుని చూసింది. తింటున్నాయి, నిజంగానే తింటున్నాయి. అవ్వ పగ తీర్చుకుందా? పసుపు చల్లిన చేతికి ఇదా జవాబు? "అవ్వా..." అంది. పక్కన దూకులమ్మ చిట్టిని గట్టిగా పట్టుకుని నిలబడింది.

"చూశారా!" గుంటయ్య అరుగెక్కి చిందేశాడు. "మట్టన్నారు! సుద్దన్నారు! చీమ మట్టి తింటుందా? బంటమ్మక్కా, ఇంక నీ పొయ్యిలు ఆర్పేసుకో! చెప్పండయ్యా, ఇది మిఠాయా, కాదా?"

"మిఠాయే!" అంది రేవు.

"భేషుగ్గా ఉంది గుంటయ్యా."

సన్నటి గొంతు. అందరూ వంగి చూశారు. బారమ్మ ఉండ నెత్తిన, ఎర్ర చుక్క మీద నిలబడి ఉంది.

"ఇంత మంచి మిఠాయి తిని చాలా రోజులైంది. మా వాళ్లంతా ఇంక ఇక్కడే ఉండిపోదామంటున్నారు. ఒక్కటే సందేహం నాయనా. నీ కొట్లో ఒక్క చీమ కనబడితే కొట్టు కట్టేసి కొండ దిగిపోతానని ఒట్టు పెట్టావటగా. మేము ఇక్కడ తొమ్మిది వేలమందిమి ఉన్నాం. ఎప్పుడు దిగుతున్నావు?"

చిందు ఆగిపోయింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది.

"అవునురోయ్" అన్నాడు ఏనుగు తాత మెల్లగా. "రేవు సాక్షిగా అన్నావు. నేనూ విన్నాను."

"అది... అది కాదు తాతా..." గుంటయ్య కళ్లు అటూ ఇటూ పరుగెత్తాయి. "నా మిఠాయికి చీమ పడితే అన్నాను. వీటిని నా లెక్కలో ఎట్లా వేస్తారు? ఇవి నా మిఠాయికి వచ్చినవి కావు. బంటమ్మ నువ్వుండలకి వచ్చాయి!"

అన్నాక గానీ వాడికి తనేమన్నాడో తెలియలేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, వాడి చేతులు వాటంతటవే నోటి మీదికి వెళ్లాయి.

గట్టు మీద వాళ్లంతా అరుగు చుట్టూ మూగారు.

ఏనుగు తాత తొండంతో ఒక ఉండ తీసి, చీమలకు దెబ్బ తగలకుండా ఊది, నొక్కాడు. పైన పల్చగా తెల్లటి పొడి. లోపల నిగనిగలాడుతూ నువ్వులూ, బెల్లం పాకం.

"ఇవి బంటమ్మవి" అన్నాడు. "మరి నీవెక్కడున్నాయి గుంటయ్యా?"

గుంటయ్య పలకలేదు. మోపయ్య పలికాడు. నోటితో కాదు, కొమ్ములతో. వెల్ల గోడ వెనక్కి వెళ్లి, అక్కడ గోనె కప్పిన గంపను ఒక్క కుమ్ము కుమ్మాడు. అసలు తెల్లుండలు గట్టు మీద దొర్లాయి. చీమల బారు పక్కనే దొర్లాయి, బారు మధ్యలో కూడా పడ్డాయి. చీమలు రాయి అడ్డమొచ్చినట్టు పక్కకు తిరిగి పోయాయే తప్ప ఒక్కటీ వాటి మీద కాలు పెట్టలేదు.

ఏనుగు తాత వాగులో తొండం ముంచి, గంప మీద నీళ్లు చిమ్మాడు. తెల్లటి బురద కాలువ కట్టి అందరి కాళ్ల మధ్య నుంచీ వాగులోకి జారింది.

కడుపుమంట అన్న ఆ దుప్పి ఉన్నచోటే కూలబడింది. "మావాడు రోజూ ఆరు తినేవాడు" అంది. "మూడు రోజులుగా కడుపునొప్పంటే, దొంగ ఏడుపని కొట్టాను." ఓ కోతి తన పిల్ల పొట్ట తడిమి చూసి గావుకేక పెట్టింది. ఆ కేకతో తల్లులంతా తమ తమ పిల్లల పొట్టలు తడమడం మొదలుపెట్టారు. ఎక్కడ చెయ్యి వేసినా రాయే. ఏనుగు తాత కూడా తన డొక్కలోకి అనుమానంగా చూసుకున్నాడు.

ఆ గందరగోళంలో గుంటయ్య అరుగు దిగి, పొదల వైపు రెండడుగులు వేశాడు. బండ మీది పులి లేవలేదు, గర్జించలేదు. తోక మాత్రం ఒకసారి ఆడించి, "రేవు దాటాక కట్టుబాటు ఉండదు తమ్ముడూ, కాస్త గట్టిగా పరుగెత్తు" అంది. గుంటయ్య పరుగెత్తాడు. ఆ తర్వాత చింతవాగులో వాడి ముఖం చూసినవాళ్లు లేరు. ఏ ఎండు మడుగులో ఏ బురదనీళ్లు తాగుతున్నాడో ఎవరికీ తెలియదు.

బంటమ్మ పొయ్యి మీద ఆ రోజు పాకం లేదు. మూడు కుండల నీళ్లు కాచింది, ఉన్న ఆముదమంతా పంచింది. పొద్దు వాలేదాకా పిల్లల ఏడుపులూ, తల్లుల ఓదార్పులూ. అంతా కాస్త కుదుటపడ్డాక దుప్పి వచ్చి తల వంచుకుని నిలబడింది. "నిన్ను నానా మాటలన్నాం బంటమ్మా" అంది.

బంటమ్మ పసుపు అంటిన అరుగును తడిగుడ్డతో తుడుస్తోంది. బారమ్మ తన బలగంతో పక్కన నిలబడి, కంత శుభ్రం అయ్యేదాకా ఆగి ఉంది.

"వాడి మాట నమ్మి మీరు నన్ను వదిలేశారు" అంది బంటమ్మ చివరికి. "అదే మాట నమ్మి నేను వీళ్లను వెళ్లగొట్టాను. నేనెవర్ని అనను?" అని బారమ్మకు దారి వదిలి పక్కకు జరిగింది.

మచ్చ లేదని మెచ్చుకునే ముందు, లోపల సరుకుందో లేదో చూసుకోవాలి.